ఒకటిన్నరకొచ్చే ఉపగ్రహం గారికి

మహారాజశ్రీ సువోమీ ఎన్‌పీపీ గారికి నమస్కరించి వ్రాయునది.

2011 అక్టోబరులో పైకెళ్లింది మొదలు మీరు వేళ తప్పిన పాపాన పోలేదు. మధ్యాహ్నం ఒకటిన్నర అటూఇటూగా, 824 కిలోమీటర్ల ఎత్తున, వరి కోసిన పొలాల్లో కొయ్యకాళ్ల మంటలు పసిగడుతూ, పంజాబ్ మీదుగా దర్జాగా సాగిపోతారు. వచ్చే వేళ ఊరందరికీ తెలిసిన తనిఖీ ఆఫీసర్లు మాకు కొత్త కాదు. వాళ్లొచ్చే పూట సర్కారు ఆసుపత్రిలో దుప్పట్లు మల్లెపూలలా ఉంటాయి. మీరొచ్చే పూట పొలాలూ అంతే.

మీ కంటికి నేలంతా 375 మీటర్ల గడులు. గడిలో సెగ తగిలితే ఎర్రచుక్క. చుక్క పడిందా, రైతుకు జరిమానా, భూమి రికార్డులో ఎర్ర నమోదు. 2024 నవంబరులో జరిమానా రెట్టింపు చేశారు. అయిదెకరాలు దాటితే 30,000 రూపాయలు. ఇక రైతేం చేస్తాడు? మీరు అలా వెళ్లగానే అగ్గిపుల్ల గీస్తాడు. కొయ్యకాళ్ల మంట ఎంతసేపనీ? అర్ధరాత్రి ఒకటిన్నరకు మీరు మళ్లీ తొంగిచూసేసరికి మిగిలేది బూడిదే. కొరియా వాళ్ల ఉపగ్రహం ఒకటి కదలకుండా కూర్చుని నిమిషాల తేడాతో చూస్తుంటుంది. మంటలు సాయంత్రానికి జరిగాయన్న గుట్టు రట్టు చేసింది అదే. మన శ్రీహరికోట నుంచి 2016లో వెళ్లిన ఇన్‌శాట్-3డీఆర్ కూడా అరగంటకోసారి చూస్తుంది గానీ, దాని గడి 4 కిలోమీటర్లు. అందులో ఒక రైతు పొలం ఆవగింజే.

పోనీ రైతునైనా తిడదామా అంటే నోరు రావడం లేదు. భూగర్భజలం కాపాడాలని 2009లో చట్టం తెచ్చి వరి నాట్లు జూన్‌లోకి నెట్టారు. కోతలు వెనక్కి జరిగాయి. గోధుమ విత్తుకు రెండు మూడు వారాలే మిగిలాయి; అంతలో కొయ్యకాళ్లు వదిలించుకోవాలంటే అగ్గిపుల్లే దగ్గరి దారి. నీళ్లు దాచబోతే పొగ లేచింది.

అయినా లెక్కలు చూస్తే కడుపు నిండుతుంది! పంజాబ్‌లో 2020లో 83,002 మంటలు, 2024లో 10,909. యంత్రాలొచ్చి కొంత నిజంగానే తగ్గి ఉంటుంది, కాదనను. ఢిల్లీ పొగంతా పొలాలదే కాదు, బండ్లదీ ఉంది. కానీ అదే 2024 నవంబరు 18న అక్కడ గాలి నాణ్యత సూచీ 490 దాటిందే, మరి తగ్గిన మంటల పొగ ఎటుపోయినట్టు?

కనుక ప్రభువులవారికి నా మనవి: దయచేసి మీ వేళ మార్చుకోకండి. సాయంత్రం నాలుగింటికి వచ్చారంటే ఎందరు అధికారుల ప్రశంసాపత్రాలు వెనక్కి పోతాయో!

ఇట్లు,
దగ్గుతూ,
ఒక పౌరుడు

తా.క.: పొగ మరీ చిక్కబడితే మీ లెక్కగట్టే సూత్రాలు ఒక్కోసారి దాన్ని మబ్బనుకుని పక్కన పెట్టేస్తాయట కదా. ఈ సౌకర్యం సంగతి మా వాళ్ల చెవిన వేయకండి.