వాహకాలన్నిటినీ పక్కన పెట్టనక్కర్లేదు
కుక్కల్లో వెన్నుపాము క్రమంగా దెబ్బతిని వెనక కాళ్లు చచ్చుబడే జబ్బు డీజనరేటివ్ మైలోపతీ. దానికి కారణమయ్యే జన్యు మార్పు ఒక్క ప్రతి ఉన్నా ఆ కుక్కను జత కట్టించకూడదని ఒక వ్యాసంలో రాసిన మాటతో ఏకీభవించలేను. 2009లో ఎస్‌ఓడీ1 జన్యువులో గుర్తించిన ఈ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులుగా వచ్చినప్పుడే సాధారణంగా ముప్పు తెస్తుంది. ఒక ప్రతి ఉన్న కుక్కను అసలు ఆ మార్పే లేని కుక్కతో జత కట్టిస్తే పుట్టిన పిల్లల్లో దేనికీ రెండు ప్రతులు రావు. ఒక్క ప్రతే ఉన్న ఇలాంటి కుక్కల్ని, అంటే వాహకాలన్నిటినీ, జత కట్టించకుండా ఒక్కసారిగా తొలగిస్తే జాతిలోని జన్యు వైవిధ్యం కుంచించుకుపోయి వేరే వంశపారంపర్య జబ్బులు పెరిగే ప్రమాదం ఉంది. సికింద్రాబాద్‌లో మా ఇంట్లో పెరిగిన జర్మన్ షెపర్డ్‌కు తొమ్మిదో ఏట వెనక కాళ్లు తూలడం మొదలైంది. నొప్పి ఏమీ లేదు గానీ పాదం మడతపడి, గోళ్లు నేలకు రాసుకుని అరిగిపోయేవి, అది మమ్మల్ని చూస్తూ లేవడానికి పడే ప్రయాస చూడలేకపోయేవాళ్లం. ఎక్స్‌రేలో తుంటి కీళ్లు బాగానే ఉండటంతో చేయించిన జన్యు పరీక్షలో రెండు ప్రతులూ ఉన్నట్టు తేలింది. రెండు ప్రతులున్నంత మాత్రాన కుక్కలన్నిటికీ జబ్బు వచ్చి తీరదన్నది నిజమే, అయినా ఇది ఎక్కువగా ఎనిమిదేళ్లు దాటాక బయటపడే జబ్బు. అప్పటికి ఆ కుక్క ఎన్నో ఈతల పిల్లలకు తల్లో తండ్రో అయి ఉంటుంది కనుక, బుగ్గ లోపలి నమూనాతో అయిపోయే ఈ పరీక్షను జత కట్టించే ముందే చేయించాలి.