చనిపోయిన సంగతి ముందుగా చెప్పని లిప్‌స్టిక్ పామ్ గారికి

తాటి వంశంలో పుట్టి, లిప్‌స్టిక్ పూసినట్టు ఎర్రని కాడలతో నా కుండీలో కొలువైన మహారాజశ్రీ లిప్‌స్టిక్ పామ్ గారి దివ్య సముఖానికి,

నిన్న మధ్యాహ్నం తమరి మొవ్వాకు నా చేతికి ఊడి వచ్చింది. నేను లాగలేదు. కొత్త ఆకు ఎంత పెరిగిందో చూద్దామని రెండు వేళ్ళతో పట్టుకున్నానంతే. నూనె పూసిన ఒరలోంచి కత్తి జారినట్టు, చిన్న చప్పుడైనా లేకుండా వచ్చేసింది. పైనంతా నిగనిగలాడే లేతపచ్చ, అడుగున బొటనవేలి కణుపంత మేర గోధుమరంగు జిగురు. తమరి వంశాన్ని పెంచేవారు ఇలాంటప్పుడు ఆపుకోలేక చేసే పనే నేనూ చేశాను: ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాను. వారం రోజులుగా నీరు మార్చని పూలగిన్నె వాసన వచ్చింది. ఆ మిగతా మధ్యాహ్నమంతా కుండీ పక్కన పీట వేసుకొని, ఆ మొవ్వాకును ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

ఇది మూడు వారాల కిందటి రాత్రి ఫలితమని తమకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ రాత్రి కరెంటు పోయి హీటరు ఆగింది. నేను లేచి చూసేసరికి గాజుగదిలోని థర్మామీటరు 6 డిగ్రీలు చూపిస్తోంది. 10 డిగ్రీల దిగువన తమరి ఆరోగ్యం దెబ్బ తింటుందని ఎరిగినవాణ్ణి కనుక, నేను కప్పుకున్న దుప్పటినే తీసి తమకు చుట్టి, తెల్లవార్లూ కొవ్వొత్తుల వేడి మీద ఆశ పెట్టుకొని కాపలా కాశాను. పొద్దున్నే దుప్పటి తొలగిస్తే తమరు నిటారుగా, ఎర్రని కాడలతో, ఆకు మీద ఒక్క మచ్చ లేకుండా దర్శనమిచ్చారు.

చావు సంగతి నేను క్షమించగలను. పామ్‌లు పెంచేవాడికి చావు కొత్తేమీ కాదు. కాని చచ్చాక ఇరవై రెండు రోజులు పచ్చగా నిలబడి నన్ను నమ్మించారే, ఆ నటనను మాత్రం క్షమించలేను. ఆ ఇరవై రెండు రోజులూ నేనేం చేశానో తమరు చూస్తూనే ఉన్నారు. ఉదయాన్నే గోరువెచ్చని నీళ్ళు తుంపరగా చల్లాను. మెత్తని గుడ్డ తడిపి ఒక్కొక్క ఆకు ఈనె వెంబడి తుడిచాను. బాగా పలచన చేసిన ఎరువు నీళ్ళను, జ్వరం తగ్గినవాడికి జావ పోసినంత జాగ్రత్తగా పోశాను. తోటపని తెలిసిన మిత్రుడొకరు వచ్చి తమరి పక్కన నిలబడి ఫోటో దిగి, "చలిని కూడా తట్టుకుందే, మీ చేతి చలవ!" అని పొగిడితే, ఎంతో వినయంగా తల వంచుకొని ఆ పొగడ్తను స్వీకరించాను. అప్పటికి తమరు పోయి పన్నెండు రోజులు. శవానికి ఎరువు వేసి, దాని ఆరోగ్యానికి అభినందనలు అందుకున్నవాడిని నేనొక్కడినే అయి ఉంటాను.

ఇందులో తమరి తప్పేమీ లేదని చెప్పే శాస్త్రం నాకు తెలియనిది కాదు. ఒక్కొక్క కాండానికి ప్రాణమంతా ఒకే ఒక మొవ్వులో ఉంటుంది. అది పోతే, మామూలు చెట్టులాగా పక్కకొమ్మ వేసుకొని బతికే దారి ఆ కాండానికి లేదు. కాండం చుట్టూ కొత్త కణాలు పుట్టించే పొర కూడా లేదు కనుక తగిలిన గాయం పూడదు. అప్పటికే విచ్చుకున్న మట్టలకు కాండంలోంచి నీరు అందుతూనే ఉంటుంది కనుక, లోపల మొవ్వు కుళ్ళుతున్న వార్త వాటికి వారాల తరబడి చేరదు. సరే, అంతా ఒప్పుకున్నాను. కాని ఆకు అంచున ఒక గోధుమరంగు చుక్క పెట్టడానికి ఏమంత ఖర్చయ్యేది? గాలిలో తేమ కాస్త తగ్గితే చాలు, మర్నాటికల్లా ఆకు కొనలన్నీ మాడ్చి మరీ ఫిర్యాదు చేసే తమరికి, ప్రాణం పోయినప్పుడు మాత్రం ఇంత మౌనం ఎక్కడి నుంచి వచ్చింది?

తమరి గొప్పతనాన్ని నేను ఏనాడూ శంకించలేదు. మలయ్ భాషలో తమరిని "పినాంగ్ రాజా" అంటారు, అంటే రాజపోక. బ్లూమె అనే వృక్షశాస్త్రవేత్త 1838లోనే తమకు సిర్టోస్టాకిస్ రెండా అని నామకరణం చేశాడు. థాయ్‌లాండ్, మలయా, సుమత్రా, బోర్నియోల చిత్తడి అడవుల్లో కాళ్ళు నీళ్ళలో, తల ఆవిరిలో పెట్టుకొని బతికిన దర్జా తమరిది. ఆ దర్జాను గాజుగదిలో నిలబెట్టాలంటే కుండీ కింద పళ్ళెంలో ఎప్పుడూ నీరుండాలి. కాని చలికాలంలో ఆ నీరే వేరును కుళ్ళబెడుతుంది. గది వెచ్చగా ఉండాలి. కాని హీటరు వేస్తే గాలి పొడిబారి, ఆకు రసం పీల్చే ఎర్రనల్లి కుటుంబ సమేతంగా దిగుతుంది. తమరి షరతులన్నీ ఏకకాలంలో నెరవేర్చగలిగేది భూమధ్యరేఖ ఒక్కటే. దానిని తెచ్చి కుండీ పక్కన పెట్టలేకపోవడం నా అపరాధమే.

ఇక నెలల తరబడి మొలవకుండా, తీరా మొలిచాక ఏడాదికి రెండు ఆకులిచ్చే తమరి విత్తనాల గురించి, "కాస్త చలికి ఓర్చుకుంటుంది" అని అమ్మేవారు ధైర్యంగా రాసే ఆ "కాస్త" గురించి నేను మాట్లాడదలచుకోలేదు.

కృతఘ్నత తమరి వంశంలోనే ఉన్నట్టుంది. లండన్‌లోని క్యూ అనే వృక్షశాస్త్ర తోటలో పామ్‌ల కోసం కట్టి 1848లో పూర్తిచేసిన ఇనుప, గాజు భవనాన్నే చూడండి. తమరి చుట్టాలు వణకకూడదని నేలమాళిగలో బొగ్గు బాయిలర్లు పెట్టి, పొగ వారి కళ్ళలో పడకూడదని దాన్ని భూమి లోపలి నుంచి దూరంగా ఉన్న గోపురానికి మళ్ళించారు. అంత మర్యాద పొందిన చుట్టాలు చేసిన ప్రత్యుపకారం, పెరిగి పెరిగి కప్పు గాజును తలతో పొడవడం. అదే వంశంలో పుట్టిన ట్రాకికార్పస్‌ను చూడండి. సున్నాకు పది డిగ్రీలు దిగువకు పడినా, నెత్తిన మంచు పేరుకున్నా, ఒంటికి చుట్టుకున్న పీచుతో ఆరుబయట నిలబడి ఎవరినీ ఏమీ అడగదు. దాని పక్కన ఫోటో దిగినవారిని నేను చూడలేదు. ఇంత రాశాక కూడా దాన్ని పెంచాలని నాకూ అనిపించడం లేదు, అదీ నా ఖర్మ.

నిన్న సాయంత్రం, అందరూ చేసేదే కనుక, మొవ్వు ఊడిన గుంతలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాను. బుసబుసమని తెల్లని నురగ పైకి పొంగింది. ఇన్నేళ్ళలో నువ్వు నాతో మాట్లాడిన మొదటి మాట అదే. చచ్చాకనా చెప్పేది? ఆ రాత్రి మర్నాడే ఒక్క ఆకు వాల్చి ఉంటే, ఆ మందేదో అప్పుడే పోసేవాణ్ణి కదా! దుప్పటి నీకిచ్చి నేను జలుబు తెచ్చుకున్నాను. వారం రోజులు తుమ్మాను. ఆ తుమ్ములన్నీ విన్నావు, నిగనిగలాడుతూ విన్నావు.

మన్నించాలి. ఏకవచనం దొర్లింది.

ఈ ఉదయం కుండీని తీసి పారేద్దామని వంగినప్పుడు, అంచు దగ్గర మట్టికి ఆనుకొని పెన్సిలంత సన్నని పిలక ఒకటి కనబడింది. బొటనవేలితో మట్టి తుడిచి చూస్తే ఒర మీద ఎర్రని జీర. గుబురుగా పిలకలు వేసే జాతి తమరిదని మరిచిపోయి ఇంత ఉత్తరం రాసినందుకు సిగ్గుపడాలేమో, ఇంకా నిర్ణయించుకోలేదు. దాని మొవ్వాకును రెండు వేళ్ళతో పట్టుకొని మెల్లగా లాగి చూశాను. రాలేదు. అయినా తమరి పచ్చదనం మీద నాకిక నమ్మకం లేదు కనుక, ఇవాళ్టి నుంచి లెక్కపెట్టి ఇరవై రెండు రోజులు ఆగుతాను. రోజూ లాగి చూడడం మొక్కకు మంచిది కాదని తెలుసు. రోజూ లాగి చూస్తాను.

ఇట్లు,
దుప్పటి ఇంకా తిరిగి తీసుకోని
తమ విధేయుడు