గల్లీలో వదిలేసిన కారు ఎవరి బాధ్యత? బల్దియానే తేల్చాలి

వరంగల్‌లో హన్మకొండ, కాశీబుగ్గ, కాజీపేట, ఏ పాత కాలనీకి పోయినా ఇలాంటి కారు ఒకటైనా కనిపిస్తుంది. టైర్లలో గాలి పోయి ఏళ్లయి ఉంటుంది, అద్దాల నిండా దుమ్ము, నంబర్ ప్లేటు మీద ఇంకా ఏపీ 36. అంటే తెలంగాణ రాకముందు రిజిస్ట్రేషన్ అయిన బండి, ఆ తర్వాత టీఎస్ వచ్చింది, 2024లో టీజీ కూడా వచ్చింది, ఇది మాత్రం ఉన్నచోటే ఉంది. ఊడ్చేవాళ్లు దాని చుట్టూ ఊడ్చి పోతారు, చెత్త ఆటో దాన్ని తప్పించుకుంటూ రివర్స్ తీసుకుంటుంది, మనం కూడా అలవాటు పడిపోతాం.

చట్టం లేదా అంటే ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 127 ప్రకారం బహిరంగ స్థలంలో ఏ వాహనాన్నైనా 10 గంటలకు మించి వదిలేస్తే, దాన్ని టోయింగ్ చేయించే అధికారం ఆ ఏరియాలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది, ఆ ఖర్చు బండి ఓనరే కట్టుకోవాలి. 10 గంటలే! మన గల్లీల్లో కొన్ని బండ్లు పదేళ్లు దాటేశాయి.

చిక్కు ఎక్కడంటే టోయింగ్ అధికారం పోలీసులది, రోడ్డు, శుభ్రత బల్దియావి, అంటే నగరపాలక సంస్థవి, ఓనర్ పేరు రవాణా శాఖ రికార్డులో ఉంటుంది. ఫిర్యాదు పట్టుకుని ఒక ఆఫీసుకి పోతే ఇంకో ఆఫీసు పేరు చెప్తారు, ఎవరికి వారే యమునా తీరే. ట్రాఫిక్ పోలీసుల వైపు నుంచి చూస్తే వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. ఉన్న ఒకటీ అరా క్రేన్‌ని చౌరస్తాలో అడ్డం పెట్టిన బండికి వాడతారా, గల్లీ చివర గోడకి ఆనుకున్న కారుకి వాడతారా? పైగా తెచ్చి ఎక్కడ పెట్టాలి? కేసుల్లో సీజ్ చేసిన బండ్లతోనే స్టేషన్ల ఆవరణలు నిండిపోయి ఉంటాయి. ఆ బండ్లను అలా ఏళ్ల తరబడి ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, అయినా ఏ స్టేషన్ ముందు చూసినా అదే సీన్.

అందుకే ఈ ఫిర్యాదు తీసుకోవాల్సింది, చివరిదాకా నడపాల్సింది బల్దియానే అంటాను. ఎందుకంటే కదలని బండి ట్రాఫిక్ సమస్య కంటే ముందు పారిశుధ్య సమస్య. ఊడిన టైర్లో నిలిచిన వాన నీళ్లు డెంగీ దోమకి చాలు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నగరం నీట మునిగింది గుర్తుందిగా, కాలవ పక్కన కదలని బండి ఉంటే దాని కింద చెత్త పేరుకుని నీళ్లకి దారి ఉండదు. బ్రిటన్‌లో రోడ్డు మీద వదిలేసిన బండ్లను తొలగించే బాధ్యతని 1978 చట్టంతో నేరుగా స్థానిక కౌన్సిల్ మీదే పెట్టారు. ఇక్కడ దానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, బల్దియా ఫిర్యాదు తీసుకుని పోలీసు అధికారి ఆర్డర్ తనే తెప్పించుకుంటే సరిపోతుంది. అలా తెచ్చినవి పెట్టడానికి ఊరి బయట ఒక యార్డు మాత్రం కావాలి, అది లేకపోతే ఇదంతా ఉత్త మాట.

మనవైపు నుంచి కూడా ఒక మాట. "మా గల్లీలో పాత కారుంది, తీసేయండి" అని రాస్తే ఏ అధికారీ కదలడు. బండి నంబరు, కంపెనీ, రంగు, దగ్గర్లోని గుడో స్కూలో, ఎప్పట్నుంచి ఉంది, ఏం ఇబ్బంది అవుతోంది, తేదీ కనిపించే రెండు ఫొటోలు, ఇవన్నీ ఉండాలి. మున్సిపల్ ఫిర్యాదుల సిటిజన్ బడ్డీ యాప్‌లో పెట్టొచ్చు, సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కాగితం ఇచ్చి రసీదు తీసుకోవచ్చు, అదే కాపీ ట్రాఫిక్ స్టేషన్‌లో కూడా ఇవ్వండి. చాలామందిని ఆపేది మొహమాటం, ఎందుకంటే ఆ కారు పక్కింటి అంకుల్‌దే అయి ఉంటుంది. ముందు ఆయన్నే అడగండి, పది మంది సంతకాలతో ఇస్తే ఎవరో ఒకరి మీద కోపం ఉండదు. నిన్నగాక మొన్న ఎవరో తెలియని మనిషి వదిలి పోయిన బండైతే మాత్రం ముట్టుకోవద్దు, ఫొటోల కోసం చుట్టూ తిరగొద్దు, నేరుగా పోలీసులకి ఫోన్ చేయాలి.

ఇక ఓనర్ సంగతి. నంబర్ ఉంది కదా, ఓనర్ దొరుకుతాడనుకుంటాం. బండి మూడు చేతులు మారి ఉంటుంది, ఆర్సీ మాత్రం మొదటాయన పేరు మీదే, ఒక్కోసారి చనిపోయిన వాళ్ల పేరు మీద. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకి చెప్పాలన్నది రూలు, పాటించేది ఎందరు? నోటీసు వచ్చాక "ఎప్పుడో అమ్మేశానండీ" అంటే కుదరదు, రికార్డులో పేరున్నాయనే ఓనర్. పాత సామాను దుకాణానికి కిలోల లెక్కన అమ్మేసి ఊరుకున్నా ఆర్సీ బతికే ఉంటుంది, దాన్ని రద్దు చేయించుకోవాలి. 2021 రూల్స్ ప్రకారం గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే బండి అప్పగించినట్టు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, ఆ కాగితం మన దగ్గర ఉంటే టెన్షన్ ఉండదు.

ఎలాగూ వానాకాలం ముందు నాలాల పూడిక తీస్తారు కాబట్టి, అప్పుడే ఈ బండ్ల లిస్టు కూడా రాయించొచ్చు. గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లున్నాయి. ఏ గల్లీలో ఏ కారు ఎన్నేళ్లుగా కదల్లేదో రోజూ ఊడ్చేవాళ్లని అడిగితే చెప్తారు, దానికి సర్వే కూడా అక్కర్లేదు.