రెండో స్లాటు సాక్ష్యం

కాణిపాకం వినాయకుడు ఏటేటా పెరుగుతున్నాడని, ఒకప్పుడు చేయించిన వెండి కవచం ఇప్పుడు ఆయనకు పట్టడం లేదని భక్తుల విశ్వాసం. ఆ గుడికి కాస్త దూరంలోనే, చిత్తూరులో ఉన్న మా ఇంట్లో మాత్రం 2012లో కొన్న కంప్యూటరు ఏటేటా తరుగుతూ వస్తోంది. మొదట సీడీ పళ్లెం బయటికి రావడం మానేసింది, తరువాత ముందువైపు యూఎస్‌బీ రంధ్రాలు మూగబోయాయి, ఆ పైన లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయి, గడియారం రోజూ పొద్దున్నే పదేళ్లు వెనక్కి వెళ్లి కూర్చోసాగింది. వీటన్నిటినీ ఓర్చుకున్నాను గాని, జూన్ మొదటి వారంలో 8 జీబీ ర్యామ్, అంటే పని చేసేటప్పుడు కంప్యూటరు వాడుకునే మెమరీ, కాస్తా 4 జీబీ అని చూపించేసరికి నా ఓర్పు కూడా సగానికి పడిపోయింది.

జూన్ అంటే మాకు మామిడి కాలం. బంగారుపాళెం దగ్గర మా బావమరిదికి తోతాపురి తోట ఉంది. గుజ్జు ఫ్యాక్టరీకి తోలిన ప్రతి లోడు తూకం చీటీ, కోత కూలీ, బండి బాడుగ నా కంప్యూటరులోనే ఎక్కుతాయి. సగం ర్యామ్‌తో లెక్కల ఫైలు తెరిస్తే మిగతావన్నీ నిద్రపోయేవి, వాటిని లేపబోతే లెక్కల ఫైలు మూర్ఛపోయేది. ఒకనాటి ఉదయం తెర వెలగనే లేదు. డబ్బా లోపలి నుంచి ఆగి ఆగి పొడుగాటి కూత మాత్రం వినిపించింది. మెమరీ అందనప్పుడు కంప్యూటరు అలా మొర పెట్టుకుంటుందని నాకు తెలుసు. మా ఆవిడకు తెలియదు. "పక్కింటోళ్ల కుక్కరనుకుని లెక్కబెడతా ఉండా, పదకొండు విజిల్స్ అయినాయి, పప్పు ఏమై ఉంటుందో" అంది వంటింట్లోంచి.

దర్గా సర్కిల్ దగ్గర రిపేరు కొట్టున్న కుర్రాడు వచ్చాడు. జేబులోంచి బడిపిల్లలు వాడే రబ్బరు తీసి, ర్యామ్ పట్టీ అంచున బంగారు రంగులో మెరిసే పళ్లను, పక్కకు 120 చొప్పున రెండు పక్కలా ఉన్న 240 పళ్లను, ఓపికగా రుద్దాడు. బ్రష్షుతో ఆ పట్టీలు కూర్చునే స్లాట్లు ఊడ్చి, పట్టీలో గాటు ఎటుందో చూసుకుని, రెండు చివర్లా బొటనవేళ్లతో నొక్కితే కొక్కేలు టక్కున పట్టుకున్నాయి. తెర మీద 8 జీబీ! ఆయన బండి వీధి మలుపు తిరిగేసరికి మళ్లీ 4. పిలిపిస్తే 8, పంపిస్తే 4. పోలీసు స్టేషన్లో ఒక మాట, కోర్టు బోనులో ఇంకో మాట చెప్పే సాక్షులను విన్నాను గాని, మనిషి మొహం చూసి మాట మార్చే ప్లాస్టిక్ స్లాటును చూడడం అదే మొదలు.

మూడోసారి ఆయన పద్ధతిగా విచారణ జరిపాడు. రెండు పట్టీలను ఒక్కొక్కటిగా మొదటి స్లాటులో పెడితే రెండూ పనిచేశాయి. రెండో స్లాటులో పెడితే రెండూ చతికిలపడ్డాయి. పట్టీలు నిర్దోషులు, స్లాటే ముద్దాయి అని తేలింది. పట్టీని అందులోనే ఉంచి, ఆ స్లాటు కొక్కేనికి గుర్తుగా నల్ల టేపు అతికించి, ఇవన్నీ బిగించి ఉండే లోపలి బోర్డు మార్చడమే మార్గమన్నాడు. కొత్త బోర్డుల్లో నా పాత రకం ర్యామ్, డీడీఆర్3, పట్టదట. దాని తరువాతి రకం డీడీఆర్4కు 288 పళ్లు, గాటు కూడా మరోచోట, పైగా కంప్యూటరుకు మెదడు లాంటి ప్రాసెసరు కూడా మారాలి. బొత్తం తెగిందని కొత్త చొక్కా, చొక్కాకు తగ్గ ప్యాంటు, ప్యాంటుకు తగ్గ చెప్పులు కొనమన్నట్టుంది.

"లోపల ఎవురన్నా చెయ్యి పెట్టినారా సార్?" అని పోతూ పోతూ అడిగాడు.

"ఎవరూ పెట్టలేదు" అన్నాను. అవసరమైన దానికంటే కొంచెం గట్టిగానే అన్నాననుకుంటాను, ఎందుకంటే చీటీల కట్టతో అప్పుడే వచ్చిన మా బావమరిది నవ్వుతూ, "బావా, ఈ మాట కాణిపాకంలో చెప్తావా?" అన్నాడు. మా జిల్లాలో గట్టు తగాదా నుంచి కోడిపుంజు దొంగతనం దాకా ఏ వివాదమైనా చివరికి చేరేది అక్కడికే. కోనేట్లో మునిగి స్వామి ఎదుట ప్రమాణం చేయమంటే, అప్పటిదాకా గొంతు చించుకున్నవాళ్లు కూడా దారిలోనే రాజీ పడిపోతారు.

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా, కుర్రాడు టేపు సరిచేయడానికి డబ్బాను మంచం మీద పడుకోబెట్టి, ఎందుకో అలాగే స్విచ్చి వేశాడు. 8 జీబీ. నిలబెట్టాడు, 4. పడుకోబెట్టాడు, 8. సెల్‌ఫోన్ లైటు వేసి లోపలికి తొంగిచూశాడు. ప్రాసెసరు మీది ఫ్యానుకు నాలుగు కాళ్లుంటాయి. అందులో ఒకటి బోర్డు రంధ్రంలోంచి పైకి లేచి ఉంది. ఈ రకం కంప్యూటర్లలో మెమరీని నడిపేది ప్రాసెసరే. దాని కింద సన్నని తీగల్లాంటి 1155 పిన్నులుంటాయి. ఫ్యాను ఒక పక్కకు వేలాడితే బరువు సమంగా పడక, కొన్ని పిన్నులు సరిగా తగలవు. అప్పుడు ఒక స్లాటు కంటికి కనిపిస్తూనే కంప్యూటరు లెక్కలోంచి జారిపోతుంది. పడుకోబెడితే ఫ్యాను సర్దుకుని కూర్చుంటుంది, స్లాటు తిరిగొస్తుంది.

ఆ లేచిన కాలికి ఒక నీలం దారప్పోగు చుట్టుకుని ఉంది.

మే నెలలో, ఇంట్లో అందరూ నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం, యూట్యూబ్ చూసి ఉత్సాహం పుట్టి, పాత గళ్ల లుంగీ ముక్కతో ఆ ఫ్యాను సందుల్లోని దుమ్ము నేనే తుడిచాను. అప్పుడు టక్కుమని ఏదో చప్పుడైన మాట నిజమే. దుమ్ము రాలిన చప్పుడనుకున్నాను.

కుర్రాడు ఫ్యాను విప్పి, ప్రాసెసరు వేడిని ఫ్యానుకు అందించే పాత పేస్టు తుడిచి, కొత్త పేస్టు బొట్టంత పెట్టి, నాలుగు కాళ్లనూ ఎదురెదురుగా నొక్కి బిగించాడు. నిలబెట్టినా 8 జీబీయే. ముద్దాయి మీది నల్ల టేపు పీకేసి, నా మొహం వైపు చూడకుండా డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. మా బావమరిది ఆ దారప్పోగును రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని, నేను కట్టుకున్న లుంగీ పక్కన పెట్టి చూస్తున్నాడు. నేను తూకం చీటీల్లో తల దూర్చాను.

"ఒరే అబ్బోడా, ఆదివారం కాణిపాకానికి ఫస్టు బస్సు ఎన్నింటికిరా?" అని వంటింట్లోంచి మా ఆవిడ తమ్ముణ్ణి అడిగింది.