సవరణ: ఫిల్టర్ తీయిస్తే సరిపోదు

దేవరకొండ అవతల మా చెలక దగ్గర తీసిన నెబ్యులా (చుక్కల మధ్య ఉండే వాయువు, ధూళి మబ్బు) ఫొటోల గురించి మొన్న రాస్తూ, కెమెరా లోపలి ఫిల్టర్ తీయిస్తే చాలు, ఇంకేం అక్కర్లేదన్నాను. అది తప్పు. ఎవరైనా నమ్మి అలాగే చేయించుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది, అందుకే వెంటనే దిద్దుతున్నాను.

చాలా నెబ్యులాల్లో హైడ్రోజన్ ఇచ్చే 656 నానోమీటర్ల ఎరుపును ఆ ఫిల్టర్ చాలావరకు ఆపేస్తుంది. అందుకే దాన్ని తీయిస్తారు. కానీ తీసేస్తే ఎరుపుతో పాటు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కూడా లోపలికొస్తుంది. నాది 80 మిల్లీమీటర్ల లెన్స్ టెలిస్కోప్. లెన్స్‌లో ఇన్‌ఫ్రారెడ్, మామూలు వెలుగు ఒకే చోట ఫోకస్ కావు. ఫొటో పెద్దది చేసి చూస్తే గొల్లకావడిలో (ఓరియన్ నడుము దగ్గరి మూడు చుక్కల వరుస) తూర్పు చివరి చుక్క పత్తికాయ పగిలినట్టు ఉబ్బిపోయి ఉంది. పక్కనే ఉన్న ఫ్లేమ్ నెబ్యులా అంచు ఆ తెలుపులో మునిగిపోయింది. అల్ట్రావయొలెట్‌ను, ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ బిగించి మళ్లీ తీస్తే చుక్క చిన్నదైంది, నెబ్యులా మధ్యలోని నల్లటి చార విడిగా కనబడింది. ఈ ఫిల్టర్ 656 నానోమీటర్ల ఎరుపును ఆపదు. లెన్స్ బదులు అద్దంతో వెలుగును కూడగట్టే టెలిస్కోపులకు ఈ బాధ చాలా తక్కువ.

ఇంకొకటి. ఫిల్టర్ తీయిస్తే నెబ్యులాలన్నీ బాగా వస్తాయన్నాను. అదీ తప్పే. కృత్తికల చుట్టూ ఉన్న నీలి మబ్బు చుక్కల వెలుగు పడి మెరిసే ధూళి. అది హైడ్రోజన్ ఎరుపు కాదు కాబట్టి దానికి ఈ మార్పుతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. నా కృత్తికల ఫొటో బాగా రావడానికి కారణం ఆ చెలక చీకటే.