ఫోర్ కే ఇంట్లో పసుపు పిన్ను

గృహప్రవేశానికి వచ్చిన బంధువులకు ఇల్లు చూపించే పద్ధతి మా నెల్లూరులో మారిపోయిందన్న సంగతిని నేను ఇటీవలే గ్రహించాను. మునుపు గడప దాటగానే పూజగది చూపించేవారు, ఆ తరువాత వంటగది, చివరగా మిద్దె మీదికి తీసుకుపోయి ఏ దిక్కున ఎంత స్థలం వదిలారో వేలు పెట్టి చెప్పేవారు. మొన్న మాగుంట లేఅవుట్‌లో మా బావమరిది కొత్త ఇంట్లో కాలు పెట్టినప్పుడు, పాలు పొంగించిన పొయ్యి ఇంకా చల్లారకముందే, అతడు నన్ను చెయ్యి పట్టుకుని హాలులోకి తీసుకుపోయి, గోడకు బిగించిన టీవీ ముందు నిలబెట్టి, గర్భగుడి తెర తొలగించిన అర్చకుడి గొంతుతో, "యాభై ఐదు ఇంచులు బావా. ఫోర్ కే. హెచ్‌డీఆర్. అట్మాస్" అన్నాడు.

టీవీని ఆన్ చేయలేదు. చేయాలని ఎవరికీ తోచనూ లేదు. వెనుక నిలబడిన పదిమందీ భక్తిగా తలలు ఊపి, తాంబూలాలు తీసుకోవడానికి వెళ్ళిపోయారు. టీవీ అనేది చూడడానికి కాక చెప్పుకోవడానికి కొనే వస్తువన్న సత్యం అంత స్పష్టంగా నాకు మునుపెన్నడూ కనబడలేదు.

ఆ సత్యాన్ని అంతటితో గౌరవించి నేనూ తాంబూలం పుచ్చుకుని ఉండవలసింది. కానీ ముప్పై ఏళ్ళకు పైగా రెవెన్యూ శాఖలో కొలతలతో కాపురం చేసినవాణ్ణి గనుక, ఎవరైనా ఒక అంకె చెబితే అది దేనికి కొలత అని అడగడం నాకు దురలవాటుగా మారింది. ఆ అలవాటుతోనే ఈ మాటల అర్థాలు తెలుసుకోబోయి నేను పోగొట్టుకున్న మనశ్శాంతిని చూసైనా, తోటి గృహస్థులు జాగ్రత్తపడతారని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మొదట అంగుళాల సంగతి. మా వైపు ఇంటిస్థలాన్ని అంకణాల్లో, అంటే వైశాల్యం లెక్కన కొంటాం. ఎవడైనా ఈశాన్యం మూల నుంచి నైరుతి మూలకు తాడు లాగి, ఇది ఇన్ని అడుగుల స్థలమని అమ్మజూపితే అతణ్ణి రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు ఎక్కనివ్వం. టీవీని మాత్రం సరిగ్గా ఆ మూలతాడు లెక్కనే కొని తెచ్చుకుంటాం. 55 అంగుళాల టీవీలో 55 అంగుళాలున్నది మూల నుంచి మూలకే. అడ్డం సుమారు 48, ఎత్తు 27. మా ఇంట్లో పాత 29 అంగుళాల డబ్బా టీవీని తీసేసి 32 అంగుళాలది పెట్టిన రోజున, "ఇదేందండీ, మనుషులు పొట్టివాళ్ళైపోయినారు?" అని మా ఆవిడ అడిగితే, నేను నవ్వి ఊరుకోకుండా స్కేలు తెచ్చి కొలిచాను. ఆవిడ మాటే నిజం. పాత తెర నాలుగుకు మూడు పాళ్ళది, కొత్తది పదహారుకు తొమ్మిది పాళ్ళది. మూల తాడు మూడంగుళాలు పెరిగినా నిలువు కొలత తగ్గింది. ఆ కొలతకు మెచ్చుకోలుగా ఆ సాయంత్రం నాకు కాఫీ రాలేదు.

ఇక ఫోర్ కే. ఇందులో తాడును ఏకంగా దిక్కే మార్చి పట్టారు. అంతకు ముందున్న ఫుల్ హెచ్‌డీని 1080 అనేవారు; అది తెర ఎత్తులో ఉన్న గీతల లెక్క. ఫోర్ కే అన్నప్పుడు మాత్రం ఎత్తు వదిలిపెట్టి వెడల్పు లెక్కించారు. అందువల్ల వెయ్యి చిల్లర నుంచి ఒక్క గంతులో నాలుగు వేలకు చేరినట్టు చెవికి వినబడుతుంది గానీ, నిజానికి ఎత్తులో గీతలు 2160 మాత్రమే, అంటే రెండింతలు. వెడల్పూ రెండింతలే గనుక మొత్తం చుక్కలు నాలుగింతలయ్యాయన్నది నిజం, అంతవరకు అన్యాయం చేయకూడదు. అయితే ఆ నాలుగు వేలు కూడా పూర్తి నాలుగు వేలు కావు, 3840. సినిమా హాళ్ళ ఫోర్ కేలో 4096 ఉంటాయి, ఇళ్ళకు వచ్చేసరికి తరుగు తీశారు. ఇదే తరుగు పొలం సర్వేలో చూపించిన ఉద్యోగికి మెమో రాక తప్పదు.

ఈ చుక్కలన్నీ లెక్కవేస్తే 82,94,400. ఇన్ని చుక్కల్లో ఏం కనబడుతుందో చూద్దామన్న ఉత్సాహంతో, భోజనాలయ్యాక అందరూ కునుకు తీస్తున్న వేళ, నేను టీవీ ఆన్ చేశాను. వార్తలు చదివే అమ్మాయి ముఖం తడి గుడ్డ వెనుక నుంచి చూసినట్టు ఉంది. కింద పోయే అక్షరాలకు అంచులు లేవు, నీడలున్నాయి.

గోడకూ టీవీకీ నడుమ ఉన్న జానెడు సందులోకి తల దూర్చి, సెల్‌ఫోను లైటు వేసి చూశాను. కేబులాయన ఇచ్చిన సెట్‌టాప్ బాక్సు ఒక మేకుకు వేలాడుతోంది. దాని వెనుక, హెచ్‌డీ బొమ్మను టీవీకి పంపే హెచ్‌డీఎంఐ రంధ్రానికి ఫ్యాక్టరీలో పెట్టిన నల్ల రబ్బరు మూత పెట్టినట్టే ఉంది, తీసిన జాడ లేదు. దాని పక్కన ఎరుపు, తెలుపు, పసుపు రంగుల మూడు పిన్నులు బిగించి ఉన్నాయి. అవతలి కొసన, టీవీతో పాటు ఇచ్చిన పొట్టి తోక వైరుకు ఆ మూడు రంగులూ జతకలిశాయి. ఎరుపు కుడి చెవి శబ్దం, తెలుపు ఎడమ చెవి శబ్దం, బొమ్మ మొత్తం పసుపు పిన్నులోనే నడిచి రావాలి.

మన దేశంలో 1982లో రంగుల టీవీ వచ్చిన నాటి పద్ధతిలో బొమ్మను తెచ్చేది ఆ పిన్ను. అందులో 576 గీతలకు మించి దూరవు. నెలనెలా హెచ్‌డీ ప్యాకుకు అదనంగా ఎంత కట్టినా, ఆ ఛానెల్ బాక్సు దాకా హెచ్‌డీగానే వచ్చి, పసుపు పిన్ను దగ్గర చెప్పులతో పాటు హోదా కూడా విడిచి లోపలికి అడుగు పెడుతుంది. అడ్డం 720, నిలువు 576; హెచ్చిస్తే 4,14,720 చుక్కలు. నా ఉద్యోగజీవితంలో ఇంత చక్కగా కుదిరిన భాగహారాన్ని నేను చూడలేదు: 82,94,400ను దానితో భాగిస్తే శేషం లేకుండా సరిగ్గా 20. అంటే తెర మీద ప్రతి ఇరవై చుక్కల్లో ఒకటి మాత్రమే స్టేషను నుంచి వచ్చినది, తక్కిన పంతొమ్మిదింటినీ టీవీ తన ఊహాశక్తితో కల్పించుకుంటోంది. దీనికి అప్‌స్కేలింగ్ అని పేరు. నలుగురికి పెట్టిన చేపల పులుసులో నీళ్ళు పోసి ఎనభై మంది బంతికి వడ్డించిన వంటవాణ్ణి మా ఊళ్ళో ఏమంటారో నేను ఇక్కడ రాయను.

నిద్ర లేచిన బావమరిదికి ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించాను. అతడు చాలా సేపు ఆ కాగితాన్నే చూసి, "నీకు కంటి పొర వచ్చిందేమో చూపించుకో బావా" అన్నాడు. అందులో కోపం లేదు, నిజమైన ఆందోళనే ఉంది. మరునాడు కేబుల్ కుర్రవాణ్ణి పిలిపించి, ఆ వైరు ఎందుకిలా పెట్టావయ్యా అని అడిగితే, "యాడ పెడితే ఏముంది సార్, బొమ్మ వస్తా ఉంది గదా?" అన్నాడు. వేదాంతంలో దీనికి జవాబు ఉందో లేదో గానీ రెవెన్యూ మాన్యువల్‌లో లేదు.

బొమ్మకు సంబంధించిన తక్కిన మాటలను తొందరగా దాటేస్తాను. ఎల్‌ఈడీ టీవీ అంటే బొమ్మ ఎల్‌ఈడీతో తయారైందని అర్థం కాదు. అది పాత ఎల్‌సీడీయే, వెనుక వెలిగించే దీపం మాత్రం ఎల్‌ఈడీ. క్యూఎల్‌ఈడీ కూడా అదే వంశం, దీపం ముందు రంగులకు మెరుగు పెట్టే పొర ఒకటి అదనం. ఓఎల్‌ఈడీలో మాత్రమే ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, ఆరితే కాటుకంత నలుపు. ఓకు తోక తగిలిస్తే క్యూ అవుతుంది. ఆ తోకను చూసుకోకుండా ఇల్లు చేరినవారు మా వీధిలోనే ఉన్నారు.

హెచ్‌డీఆర్ విషయంలో మాత్రం నాకు సొంత శాఖ గుర్తుకు వచ్చి కళ్ళు చెమర్చాయి. వెలుగునీడల తేడాను బాగా చూపించడానికి ఆ చిత్రాలను తరచుగా 1000 నిట్ల వెలుగు లెక్కన తయారు చేస్తారు. మా బావమరిది టీవీ కరపత్రంలో చివరి పేజీలో, కంటి పొర లేనివారు కూడా చదవలేని అక్షరాల్లో, 300 నిట్లు అని ఉంది. డబ్బా మీద మాత్రం 'హెచ్‌డీఆర్ సపోర్టెడ్'. అర్జీ తీసుకోవడం వేరు, మంజూరు చేయడం వేరు. ఆ టీవీ అర్జీ తీసుకుని రశీదు ఇస్తుంది. ఈ ఒక్క మాటను కనిపెట్టినవాడు తప్పకుండా ఏదో ఒక తాలూకా కచేరీలో పనిచేసి ఉంటాడు.

శబ్దానికి వస్తే, మా ఇంటి అటక మీద ఇప్పటికీ ఉన్న టేప్‌రికార్డరు మీద 1200 వాట్స్ పీఎంపీఓ అని వెండి అక్షరాల్లో రాసి ఉంది. దాన్ని ఆరు బ్యాటరీలతో నడిపించేవాళ్ళం. ఈ పీఎంపీఓ అనే కొలతకు అందరూ ఒప్పుకున్న ప్రమాణం అంటూ ఏదీ లేదు; రెప్పపాటులో స్పీకరు ఎంత అరవగలదో, ఆ అరుపు ఎంత చెడి వచ్చినా సరే, తయారుచేసినవాడి ఇష్టప్రకారం లెక్కవేసి రాసుకోవచ్చు. మా జిల్లా రైతు ధాన్యాన్ని పుట్టి లెక్కన, పుట్టికి 850 కిలోల చొప్పున అమ్ముతాడు. అందులో తేమ 17 శాతం దాటితే కొనేవాడు ముఖం చిట్లిస్తాడు. పీఎంపీఓ అంటే ధాన్యాన్నీ, తేమనూ, గోతాలనూ, బండినీ, ఎద్దులనూ, బండి మీద కునుకుతున్న పాలేరునూ కలిపి కాటా వేయడం. ఆర్‌ఎంఎస్ అని రాసి ఉంటే అది ఎండబెట్టి తూర్పారబట్టిన గింజ, అంటే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి.

ఇప్పుడు టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరు పెట్టెలు, అంటే సౌండ్‌బార్లు, మరింత నాగరికమైనవి. బావమరిది ఇంట్లోని దాని డబ్బా మీద 500 వాట్లు అని ఉంది. దాని అడుగున అంటించిన చీటీ మీద అది లాగే కరెంటు 60 వాట్లు అని ఉంది. లోపలి కెపాసిటర్లలో కూడబెట్టుకున్నది ఒక్క క్షణం గుమ్మరించవచ్చునని నాకూ తెలుసు, కానీ ఆ క్షణం గడిచాక మిగిలిన 440 వాట్లు ఎవరి మీటరు నుంచి వస్తున్నాయన్నది విద్యుత్ శాఖ విచారించదగిన విషయం. పైగా చెవి స్వభావం ఎలాంటిదంటే, శబ్దం రెండింతలు వినబడాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. 500 నిజమే అనుకున్నా, 50 వాట్ల దానికి అది రెండింతలే వినబడుతుంది. బిల్లులో తేడా మాత్రం రెండింతలతో ఆగలేదు.

ఐదు పాయింట్ ఒకటి అన్న మాటలో ఐదు స్పీకర్లు సరే, ఆ ఒకటి పాయింటు వెనక్కి ఎందుకు పోయిందని నేను చాలాకాలం మథనపడ్డాను. అది వూఫరు వాటా. తక్కిన ఐదూ 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా అన్ని స్వరాలూ పలుకుతాయి. ఆ ఆరోదానికి రాసిపెట్టింది 120 హెర్ట్జ్‌ల లోపు గర్జనలే గనుక పూర్తి అంకె ఇవ్వకుండా దశాంశంతో సరిపెట్టారు. హాలులో అన్నిటికన్నా పెద్ద డబ్బా అదే, ఎక్కువ చోటు ఆక్రమించేదీ అదే, లెక్కలో మాత్రం సున్నా పాయింట్ ఒకటి. ఇల్లరికం వచ్చిన అల్లుళ్ళ హోదాను ఇంత క్లుప్తంగా చెప్పిన మాట నాకు మరొకటి దొరకలేదు. ఇక అట్మాస్ అంటే శబ్దం నెత్తి మీద నుంచి కూడా వినబడే ఏర్పాటు. దానికోసం సౌండ్‌బార్ శబ్దాన్ని పైకప్పుకు కొట్టి, అక్కడి నుంచి మన నెత్తి మీద పడేలా చేస్తుంది. అందుకు కప్పు చదునుగా ఉండాలి. మా బావమరిది కప్పుకు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో సహస్రదళ పద్మం చేయించి, నడుమ ఫ్యాను బిగించాడు. శబ్దం ఆ రేకుల్లోకి వెళ్ళడం వరకు నేను చెప్పగలను.

ఇంత తెలిశాక ఊరుకోలేక, ట్రంకు రోడ్డులో ఒక కొట్టుకు పోయి హెచ్‌డీఎంఐ వైరు అడిగాను. బంగారు పూత వైరు వేస్తే రంగులు చిక్కబడతాయని అమ్మే కుర్రవాడు చెప్పాడు. సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో బంగారం చిలుము పట్టదన్నది ఒప్పుకోవలసిందే గానీ, ఆ వైరులో వచ్చేది ఒకట్లూ సున్నాలూ. అవి బంగారం తగిలినంత మాత్రాన ఒకటిన్నర కావు. మామూలు వైరు కొని కేబుల్ కుర్రవాడి చేతికిచ్చి, పసుపు పిన్ను పీకి ఇది పెట్టమని చెప్పి వచ్చాను.

వారం తరువాత సత్యనారాయణ వ్రతానికి మళ్ళీ పిలిచారు. బొమ్మ అద్దంలా ఉంది. సీరియల్‌లో అత్తగారి ముఖం మీద పౌడరు ఎక్కడ ఆగిపోయిందో గీత గీసినట్టు కనబడుతోంది. దానిని ఎవరూ గమనించలేదు. బావమరిది మాత్రం అతిథులను సౌండ్‌బార్ ముందు నిలబెట్టి, "బేస్ చూడండి, గుండెల్లో కొడతా ఉందా లేదా?" అని అడుగుతున్నాడు. నాకెందుకో అనుమానం వచ్చి మళ్ళీ సందులో తల దూర్చాను. కుర్రవాడు నా వైరును చేతికి మొదట అందిన ఏఆర్‌సీ రంధ్రంలో పెట్టాడు. టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు తిరిగి పంపే రంధ్రం ఆ టీవీకి అదొక్కటే. అక్కడున్న సౌండ్‌బార్ వైరును పక్క రంధ్రంలోకి మార్చేశాడు. సౌండ్‌బార్ మీద దీపం లేదు. వారం రోజులుగా మాట్లాడుతున్నది టీవీ అడుగునున్న 20 వాట్ల సొంత స్పీకర్లే.

"అబ్బా, దడ పుడతా ఉందబ్బాయ్" అని, ఛాతీ మీద అరచెయ్యి ఆనించుకుని, మా పెదమామగారు అన్నారు. బావమరిది నా వైపు చూశాడు.

నేనూ చెయ్యి గుండె మీద పెట్టుకుని, అవునన్నాను.