ఆడనివాడు ఆట గురించి రాయకూడదా?

వారం రోజులుగా కావలి, నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. 2025 మేలో 93 ఏళ్ల వయసులో చనిపోయిన లండన్ ఫుట్‌బాల్ రచయిత బ్రయాన్ గ్లాన్‌విల్ గురించి అది. "ఆడలేనివాళ్లే రాస్తారు. ఆయన జీవితమంతా మ్యాచ్‌లు చూసి స్కోర్లు రాసుకున్నాడు. అలాంటి పని మన పిల్లలకు తిండి పెట్టదు. అయినా మనకు ఫుట్‌బాల్ ఎక్కడిది? చెప్పుల్లేని కాళ్లతో ఆడతారని 1950 వరల్డ్‌కప్‌కే రానివ్వలేదు" అంటుంది ఆ గొంతు. ఇంటర్ చదివే మా మేనల్లుడికి ఫుట్‌బాల్ రచయిత కావాలని ఆశ. అది విన్నాక రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అందుకే ఈ జవాబు.

ముందు స్కోర్ల మాట. ఆర్సెనల్ ఆటగాడు క్లిఫ్ బాస్టిన్ ఆత్మకథను రాసిపెట్టినప్పుడు గ్లాన్‌విల్‌కు ఇరవై ఏళ్లు కూడా లేవు. తర్వాత ఇటలీలో ఉండి అక్కడి క్రీడా పత్రికకు రాశాడు. ఇటాలియన్ ధారాళంగా మాట్లాడేవాడు. 1973లో యూరోపియన్ కప్ సెమీఫైనల్, ఇంగ్లండ్ క్లబ్ డర్బీకీ ఇటలీ క్లబ్ యువెంటస్‌కూ మధ్య మ్యాచ్‌కు ముందు, యువెంటస్ వైపు మొగ్గమని లోబో అనే పోర్చుగల్ రిఫరీకి ఒక మధ్యవర్తి 5,000 డాలర్లు, ఒక కారు ఆశ చూపాడు. లోబో లొంగలేదు, పైవాళ్లకు చెప్పేశాడు. ఆ గుట్టును మరుసటి ఏడాది లండన్ పత్రిక సండే టైమ్స్‌లో బయటపెట్టింది గ్లాన్‌విల్, కీత్ బాట్స్‌ఫర్డ్. యువెంటస్ తప్పు చేసిందని యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ తేల్చలేదు. అయినా ఆ రిఫరీ నిజాయితీ జనానికి తెలిసింది ఈ ఇద్దరి వల్లే. ఇది స్కోరు రాసుకోవడం ఎలా అవుతుంది?

తిండి విషయంలో మాత్రం కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. మన జిల్లాల్లో విలేకరి ఇల్లు గడవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ గ్లాన్‌విల్ నవలలు రాశాడు, 1966 వరల్డ్‌కప్ డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం రాశాడు. మన దేశంలో నోవీ కపాడియా ఢిల్లీ కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెబుతూనే వరల్డ్‌కప్‌లు కవర్ చేశారు, 2017లో భారత ఫుట్‌బాల్ చరిత్రను పుస్తకంగా తెచ్చారు. ఉద్యోగం ఒకటి ఉంటే రాత ఆగిపోవాలని ఎక్కడా లేదు.

ఇక 1950. బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో భారత్‌కు చోటు దక్కింది. ఇటలీ, స్వీడన్, పరాగ్వే ఉన్న గ్రూపులో మన పేరు కూడా పడింది. వెళ్లనిది మనమే. బ్రెజిల్‌కు ఓడలో చాలా రోజుల ప్రయాణం, పైగా మన ఫెడరేషన్‌కు అప్పట్లో ఒలింపిక్సే గొప్ప. బూట్ల కథ ఉత్త సాకని ఆనాటి కెప్టెన్ శైలేన్ మన్నానే తర్వాత చెప్పారు.

మనకు ఫుట్‌బాల్ ఎక్కడిదంటారా? 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్లకు కోచ్ హైదరాబాద్ రహీం సాబ్. ఆయన బడిలో పాఠాలు చెప్పిన మనిషి. రెండు జట్లలోనూ సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆడాడు.

నిన్న సాయంత్రం మేనల్లుడు కావలిలో జరిగిన ఒక చిన్న మ్యాచ్ గురించి రెండు పేజీలు రాసి తెచ్చాడు. గోల్‌కీపర్ మూడు షాట్లు ఆపిన సంగతి బాగా రాశాడు. ఆ గోల్‌కీపర్ పగలు ఏ పని చేసి గ్రౌండ్‌కు వస్తాడో మాత్రం అందులో లేదు. అడిగి రమ్మని పంపాను.